గీతకు పైన చుక్క

"నోరు ఇంకొంచెం తెరవాలమ్మా" అంది డాక్టరమ్మ. వదిన తెరిచింది. తెరవడానికేం, ఇక్కడ ఎంతైనా తెరవొచ్చు, ఇక్కడ నోరు తెరిస్తే ఎవరి మొహమూ మాడిపోదు, ఎవరూ కుర్చీ వెనక్కి నెట్టి విసురుగా లేచిపోరు. తెరవాల్సిన చోట మాత్రం వారం నుంచీ మూసుకునే ఉంది. కుర్చీ మూలుగుతూ వెనక్కి వాలింది, కాళ్ళు పైకి లేచాయి, తల కిందికి దిగింది, ఇక కనిపించేదల్లా తెల్లటి దీపమూ, దాని వెనక కప్పూ, కప్పుకు ఓ మూల తడి దిగి ఎండిపోయిన మరకా. వదిన అంటే డాక్టరమ్మకు వదిన కాదు. ఈమె బాక్టీరియా ల్యాబులో లెక్కలు కట్టే మనిషి. ఆడపడుచు బుజ్జి కూడా అక్కడే పనిచేస్తుంది, చేరిన మొదటి రోజే అలవాటు కొద్దీ అందరి ముందూ "వదినా, నా సంచి ఎక్కడ పెట్టుకోను?" అని కేకేసింది, అంతే, మర్నాటికి ల్యాబు మొత్తానికీ ఈమె వదినైపోయింది. గాజుసామాను కడిగేవాళ్ళు వదిన అంటారు, జీతాల గుమస్తా వదిన అంటాడు, ఆఖరికి ల్యాబుకు పెద్ద, రేపో మాపో రిటైరయ్యే మనిషి, అందరూ పెద్దాయన అని పిలిచే ఆయన కూడా "వదినగారూ" అంటాడు. ఊరందరికీ వదినగా పుట్టాన్రా దేవుడా అని నవ్వుకునేది. ఈ వారం ఆ నవ్వు రావడం లేదు. అసలు వదినా అని పిలవాల్సిన గొంతు ఒక్కటే పిలవడం మానేసింది.

"నొప్పెడితే ఎడమ చెయ్యెత్తండి, మాట్లాడొద్దు, తల కదపొద్దు" అంది డాక్టరమ్మ, చిన్న చీమ కుట్టినట్టు ఉంటుంది అని కూడా అంది, ఆవిడ ఊళ్ళో చీమలు ఎలాంటివో గానీ వదినకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం కదల్లేదు. చెయ్యెత్తే రకం కాదు. నెల్లాళ్ళు ఈ పన్ను సలుపుతుంటే దవడ కింద అరచెయ్యి పెట్టుకుని లెక్కలు కట్టింది తప్ప ఎవరితోనూ అనలేదు, చివరికి వాళ్ళాయనే కనిపెట్టి "నువ్వు నొప్పిని కూడా పొదుపుగా వాడతావే" అని విసుక్కుని ఈ డాక్టరు దగ్గర రోజు రాయించాడు. తమాషా ఏమిటంటే పోయిన వారమే నొప్పి దానంతటదే ఆగిపోయింది. ఇంకొకరైతే డాక్టరుకు ఫోన్ చేసి రావడం లేదమ్మా అనేవాళ్ళు. ఆమె అనలేదు. ఎందుకంటే రాయించిన రోజు ఇవాళ, ఇవాళ మధ్యాహ్నమే ల్యాబులో బుజ్జి బాక్టీరియా ట్యాంకు మొదలు, ఆ ట్యాంకు పక్కన నిలబడి చప్పట్లు కొట్టే ఓపిక ఆమెకు లేదు. నాకు పన్ను ఉందండీ అని పెద్దాయనకు చెప్పింది, అందరికీ ఉంటాయి కదండీ పళ్ళు అన్నాడాయన, నవ్వారు, ఆమె సంచి భుజాన వేసుకుని వచ్చేసింది. వస్తూ వస్తూ అద్దాల తలుపులోంచి చూస్తే బుజ్జి వెనక్కి తిరిగి ఉంది. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుంది. కాలరు ఒకవైపు మడతపడి ఉంది, లోపలికి వెళ్ళి సరిచేద్దామా అనుకుంది, చేతులు ముందుకు పోలేదు.

పెదవి తిమ్మిరెక్కుతోంది. సగం పెదవి తనదే, సగం ఎవరిదో. ఇప్పుడు ల్యాబులో ఏం జరుగుతూ ఉంటుంది, తోళ్ళ కంపెనీవాళ్ళు వచ్చే ఉంటారు, పెద్దాయన వాళ్ళను మేడ మీద భోజనాలకు కూర్చోబెట్టి ఉంటాడు. తోళ్ళకు రంగులద్దిన నీళ్ళు కాలువలో పడితే ఎక్కడికి పోతే అక్కడ విషమే. ఆ రంగును విరిచే పదార్థం బాక్టీరియా చేత తయారుచేయించాలని ఎక్కడి నుంచో ఒక జన్యువు తెచ్చి దానిలో పెట్టారు. భోజనాలయ్యాక కంపెనీవాళ్ళు చూస్తుండగా బుజ్జి తన సీసాలోని బాక్టీరియాను మనిషెత్తు స్టీలు ట్యాంకులో పోస్తుంది. ఎల్లుండికల్లా ట్యాంకు పంట నిండుతుంది, వాళ్ళు పీపాల్లో తెచ్చిన ఎర్రనీళ్ళు వాళ్ళ కళ్ళ ముందే తేటబడాలి. తేటబడితే బుజ్జి ఉద్యోగం ఖాయం. తేటబడకపోతే నెలాఖరుకు ఇంటికి. పెద్దాయన అంత మాట పైకి అనలేదు, చూద్దాం అన్నాడు, పెద్దవాళ్ళు చూద్దాం అన్నారంటే ఇక చూడరనే అర్థం. ఇన్నేళ్ళు గాజు సీసాల మధ్య కాళ్ళు పీక్కుపోయేలా నిలబడ్డ పిల్ల. సీసాలను కూడా బుజ్జగిస్తుంది, పెరగండే తల్లీ పెరగండే అని.

వదిన చేసేది వేరే పని. ఆమె సీసా ముట్టదు. బయటి నుంచి తెచ్చి పెట్టిన జన్యువు కణానికి ఎంత బరువో లెక్కకట్టడం ఆమె పని, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ ఒకటే కథ చెబుతుంది: ఒక ఇల్లనుకోండి, వంటింట్లో వండే చేతులు కొన్నే, అవి పెరగవు. ఇంటికో చుట్టం దిగాడు. మామూలు చుట్టం కాదు, పూటపూటా కంచం ముందేసుకుని కూర్చునే రకం, పొమ్మనలేం, ఎందుకంటే మనమే పిలిచాం. ఆయనకు వండుతూ కూర్చుంటే ఇంట్లో పిల్లలకు వండేదెవరు? పిల్లలు సన్నబడతారు, ఎదగరు. కణమూ అంతే, చుట్టానికి ఎంత వండితే దాని ఎదుగుదల అంత తగ్గుతుంది. కాగితం మీద గీస్తే ఎడమ నుంచి కుడికి దిగే గీత. ఎడమ చివర ఏ జన్యువూ పెట్టని ఒట్టి కణం, చుట్టాల్లేని ఇల్లు, దానిష్టం వచ్చినట్టు గబగబా పెరిగేది. కుడికి జరిగేకొద్దీ చాకిరీ ఎక్కువ, పెరుగుదల తక్కువ. ఆ గీత ఆమెది. ఎన్నేళ్ళుగానో ఎన్ని జన్యువులు పెట్టి చూసినా చుక్కలన్నీ ఆ గీతను పట్టుకునే పడ్డాయి, ఒకటి రవ్వంత పైన, ఒకటి రవ్వంత కింద. గీత ఆమెకు ఇల్లులా అలవాటైపోయింది. పోయిన వారం బుజ్జి పెట్టిన చుక్క ఆ గీతకు జానెడు పైన పడింది.

కూర్చున్నవాళ్ళంతా చప్పట్లు. అంత బరువైన జన్యువు మోస్తూ అంత వేగంగా పెరిగే బాక్టీరియానా, ఎక్కడ పట్టావమ్మా దీన్ని అని పెద్దాయన లేచి నిలబడ్డాడు. బుజ్జి మొహం వెలిగిపోయింది, ఆ పిల్ల మొహం అలా వెలగడం చూసి ఎన్నాళ్ళయిందో, ముందు వదినకూ సంతోషమే వేసింది, నిజంగా వేసింది, ఆ తర్వాతే "ఇంకోసారి కొలిచి చూద్దామా" అంది. మెల్లగానే అంది. "వదినగారూ, పాపం బాక్టీరియాకు మీ గీత సంగతి తెలియదు కదండీ" అన్నాడు పెద్దాయన, అందరూ నవ్వారు, చెడ్డ నవ్వు కాదు, ఆమె కూడా నవ్వింది. బుజ్జి నవ్వలేదు. తర్వాత వరండాలో, మంచినీళ్ళ కుళాయి దగ్గర, గ్లాసు నిండి పొర్లిపోతున్నా చూసుకోకుండా అడిగింది. "నా చుక్క నీ గీత దాటింది. అదేగా వదినా నీ బాధ?"

"అది కాదే..."

"మూడుసార్లు కొలిచా. మూడుసార్లూ అంతే వచ్చింది. నేనేం చేసినా దిద్దడానికి నువ్వుండాలా? ఇవేమన్నా ఎనిమిదో తరగతి లెక్కలా?"

ఎనిమిదో తరగతి. ఆ మాట ఎక్కడ తగిలిందో బుజ్జికీ తెలుసు, అందుకే ఆ తర్వాత గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి బుజ్జి ఎనిమిదో తరగతి, లెక్కలంటే వణుకు, అత్తగారు ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీలు; కాబట్టి భోజనాలయ్యాక బల్ల దగ్గర మిగిలేది వీళ్ళిద్దరే. ఆడబిడ్డ అర్ధమొగుడు అని పెళ్ళికి ముందు అందరూ హడలగొట్టి పంపారు, తీరా చూస్తే అర్ధమొగుడు భిన్నాలు రావడం లేదని ఏడుస్తోంది. రొట్టె ముక్కలు చేసి చూపించింది, ముక్కలన్నీ బుజ్జే తినేసింది, మిగిలినదెంత అని అడిగితే ఆకలి అంది. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. అలాంటి పిల్ల వారం రోజులుగా భోజనాల గదిలో ఇంకో బల్ల దగ్గర కూర్చుంటోంది, ఎదురుపడితే గోడ మీది క్యాలెండరు చదువుతోంది, ఇంటికి ఫోన్ చేసి "అన్నయ్య ఉన్నాడా" అని అడుగుతోంది, ఎత్తింది వదినని తెలిసీ. నేను మాత్రం తక్కువ తిన్నానా, "ఉన్నాడు" అని ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోలేదూ. ఇద్దరికీ పంతమే. చీపురు కట్ట విప్పినట్టు అయిపోయింది ఇల్లు.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అని అడుగుతోంది డాక్టరమ్మ, నోట్లో రెండు చేతులూ రెండు పనిముట్లూ పెట్టి. పళ్ళ డాక్టర్లకు ఇదో సరదా, జవాబు చెప్పలేని మనిషిని ప్రశ్నలడగడం. వదిన ఆఁ ఆఁ అంది. "ఇప్పుడు లేదంటున్నారు కదూ, కాగితంలో రాశారు. వారం కింద పోయిందా? పోయిందని సంబరపడ్డారా?" ఆఁ. "అందరూ అంతేనమ్మా. నొప్పి పోతే నయమైందనుకుంటారు. ఒక వేరులో నరం చచ్చిపోయింది, ఇంక నొప్పెట్టడానికి అక్కడెవరున్నారు? రెండో దాంట్లో కొనప్రాణం ఉంది, దానికే ఈ సూది." ఆవిడ పనిముట్టు నొక్కింది, గుయ్యిమంటూ చప్పుడు తలంతా నిండిపోయింది, పుర్రె లోపల ఎవరో కొయ్యపని మొదలుపెట్టినట్టు. నొప్పెట్టడానికి అక్కడెవరున్నారు. ఎవరూ లేరు. గది ఖాళీ చేసి పోయారు. ఇల్లు హాయిగా ఉందంటే చుట్టం ఉన్నా హాయిగా ఉన్నట్టు కాదు, చుట్టం వెళ్ళిపోయి ఉండొచ్చు. కప్పు మీద మరక కేసి చూస్తోంది, చూస్తుండగా మరక అంచున కాగితమూ గీతా చుక్కా వచ్చి నిలబడ్డాయి, ఆమెకు ఎప్పుడూ అంతే, ఎక్కడ చూసినా గీతలే, పాలు పొంగినా గీతే. చుక్క గీతకు జానెడు పైన. ఎంత ఎత్తులో? ఎత్తు కేసి చూసింది. ఆ ఎత్తు ఎక్కడో చూశాను. ఎక్కడో ఏమిటి, రోజూ చూసేదే, ఎడమ చివర, ఒట్టి కణం పెరిగే ఎత్తు సరిగ్గా అదే, వెంట్రుకవాసి కూడా తేడా లేదు. చుక్కను మెల్లగా ఎడమకు జరిపింది, పైకీ కాదు కిందికీ కాదు, అడ్డంగా, జరిపి జరిపి చివరికంటా తీసుకుపోయింది. గీత మీద కూర్చుంది. బుజ్జి సీసాలో జన్యువు పనిచేయడం లేదు. అది చచ్చిపోయింది. అందుకే బరువు లేదు, అందుకే ఆ పరుగు.

మరి రంగు విరిగింది కదా, పరీక్షలో అందరూ చూశారు కదా. చూశారు, కానీ ఆ పరీక్ష చేసింది పోయిన నెల గడ్డకట్టించి దాచిన సీసాతో. పెరుగుదల కొలిచింది పోయిన వారం కొత్తగా ఏరిన దానితో. ఒకే సీసాకు రెండూ కొలిచినవాళ్ళు లేరు. ఏరడం. ఆ మాట దగ్గర ఆమె మనసు ఠక్కున ఆగింది. ప్లేటు మీద బాక్టీరియాను పలచగా గీసి ఉంచితే మర్నాటికి చుక్కలు చుక్కలుగా లేస్తుంది, ఒక్కో చుక్కా ఒక్కో కణం సంతానం, అందులోంచి కొన్నిటిని పుల్లతో ఏరి సీసాలో వేస్తారు. ఏవి ఏరతారు? నెల కిందట ఒకరోజు టీకి పిలుద్దామని వెళితే బుజ్జి ప్లేటును వెలుతురుకు ఎత్తిపట్టుకుని, ఒక కన్ను మూసి, అచ్చం కూరగాయల కొట్లో టమాటాలు ఏరినట్టు ఏరుతోంది. "బొద్దుగా ఉన్నవి తీస్తా వదినా, ఈ బక్కప్రాణాలను ఏం చేసుకుంటాం" అంది. ఏరడమంటే ఆ ఇంట్లో వేలు పట్టుకు నేర్పిన విద్య, వాళ్ళమ్మ బజారుకు పంపిస్తే ఒక్క మచ్చ ఉన్న కాయ తెచ్చినా వెనక్కి పంపేది. ఏ కాయకైనా మంచిదే ఆ పద్ధతి. ఇక్కడ మాత్రం బరువు మోసే చుక్కే బక్కగా ఉంటుంది, మోయలేక జన్యువును విరగ్గొట్టుకున్నది బొద్దుగా ఉంటుంది. వారం వారం పెద్దవి ఏరింది. జాగ్రత్తగా, ప్రేమగా, ఏ ఒక్క పనివాణ్ణీ కలవనివ్వకుండా సోమరులందరినీ ఏరి సీసాలో పెట్టింది. అది చూస్తూ తను పక్కనే నిలబడి టీ చల్లారిపోతోందే రా అంది. లెక్క రాసే మనిషికి చెయ్యి చేసే పని కనపడలేదు.

ఇదంతా ఎంతసేపట్లో తోచిందో గానీ పనిముట్టు గుయ్యిమంటూనే ఉంది. అప్పుడు ఆమెకు వచ్చింది సంతోషం. దాచుకోవడమెందుకు, ఎవరు చూడొచ్చారు ఈ వెలుతురులో, వచ్చిన మాట నిజం: గీత తప్పలేదు! నా గీత తప్పలేదు, నవ్వారుగా, ఇప్పుడు నవ్వండి. ఆ వెంటనే సిగ్గేసింది. పిల్ల బతుకు ట్యాంకు అంచున ఉంటే నాకు గీత ముద్దొచ్చిందా. ఫోన్ చేసి ఆపవే అంటే బుజ్జికి వినపడేది కూడా ఈ సంతోషమే, మాటలు ఎంత మెత్తగా ఏరి పేర్చినా సందుల్లోంచి ఇదే తొంగి చూస్తుంది, ఏ మాత్రం వదిలిపెట్టని మనిషివి, అదేగా నీ బాధ అంటుంది. అదీ కంపెనీవాళ్ళ ముందు. ఆపకపోతేనో? ఆపకపోతే ఆమెకేం నష్టం లేదు. పన్ను బాగుచేయించుకుంటున్న మనిషిని ఎవరేమంటారు. కడుపులో చల్ల కదలకుండా కూర్చోవచ్చు. ఎల్లుండి పీపాలోని ఎర్రనీళ్ళు ఎర్రగానే ఉంటాయి, పెద్దాయన బుర్ర గోక్కుని వదినగారూ మీ గీతే నిజమండీ అంటాడు. అడక్కుండానే, ఎవరినీ నొప్పించకుండానే గెలవొచ్చు, నోరు మెదపకపోతే చాలు. ఆ మాట అనుకుని తన మీద తనకే అసహ్యమేసింది. ఎర్రనీళ్ళ పక్కన బుజ్జి ఎలా నిలబడుతుందో కళ్ళకు కట్టింది, చిన్నప్పుడు సున్నా వచ్చిన కాగితం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డట్టే, ఏడవకుండా, గడ్డం మాత్రం వణుకుతూ. ఛీ, పంతం పాడుగాను. అంటే అననీ. కుళ్ళుమోతుదాన్నంటే కుళ్ళుమోతుదాన్నే.

ఎడమ చెయ్యి ఎత్తింది. పుట్టి బుద్ధెరిగి ఎత్తని చెయ్యి.

"అయ్యో, నొప్పా? ఇంత ఓర్చుకునేవాళ్ళు చెయ్యెత్తారంటే గట్టిదే అయ్యుంటుంది. సిస్టర్, ఇంకో సూది." కాదు కాదు అని వదిన తల తిప్పబోయింది. "తల కదపొద్దన్నానా" అంటూనే డాక్టరమ్మ పొడిచేసింది, ప్రేమగానే పొడిచింది, "ఇప్పుడు చూడండి, ఊరు తగలబడినా తెలీదు మీకు" అంది కూడా. నాలుక కూడా మొద్దుబారింది. నెల్లాళ్ళు అరవాల్సిన చోట అరవకుండా ఇవాళ నొప్పి లేకుండా చెయ్యెత్తితే ఇదీ మర్యాద. ఎంతయి ఉంటుంది టైము, గడియారం తల వెనకెక్కడో ఉంది, టిక్కుటిక్కుమంటోంది గానీ ఎంతయిందో చెప్పదు. భోజనాలైపోయి ఉంటాయా, పెద్దాయనకు పెరుగు దగ్గరకొచ్చేసరికి కబుర్లు మొదలవుతాయి, ఈ ఒక్క రోజూ కబుర్లు చెప్పవయ్యా నాయనా, నీ చిన్నప్పటి సైకిలు కథ చెప్పు, మొత్తం చెప్పు. చెయ్యి మళ్ళీ ఎత్తింది. ఈసారి రెండు చేతులూ ఎత్తింది, బ్యాంకులో దొంగలు పడ్డప్పుడు ఎత్తినట్టు. డాక్టరమ్మ హడలిపోయి పనిముట్టు ఆపేసింది. కుర్చీ లేచింది, లోకం నిటారైంది, వదిన కొక్కానికి వేలాడుతున్న తన సంచి కేసి వేలు చూపించింది. "ఫోనా? ఇప్పుడా? గ్యాసు కట్టకుండా వచ్చారేంటి కొంపదీసి?" అవునని గట్టిగా తలూపింది వదిన. నోట్లోంచి సిస్టర్ దూది తీసేలోపే సంచి గుంజుకుని బోర్లించినంత పని చేసింది.

ఫోన్ మోగుతోంది. మోగుతూనే ఉంది. పేరు చూసి ఎత్తడం లేదేమో, చూసి బల్ల మీద బోర్లా పెట్టి ఉంటుంది, పెట్టొచ్చు, నేనైనా అదే చేద్దును. ఎత్తవే. ఎత్తవే తల్లీ, తిట్టడానికైనా ఎత్తు.

"హలో." వదినా అనలేదు. వెనక మోటారు తిరుగుతున్న చప్పుడు, పెద్దాయన గొంతు, ఎవరో నవ్వడం. అయిపోయిందా, పోసేసిందా. బుజ్జీ అనబోతే పెదవులు కలవలేదు, ఏదో ఊ అని వచ్చింది. పొయ్యకు అనబోతే గాలి వచ్చింది. ఇంత లెక్కా నాలుక మీద మూటలా పడి ఉంది, విప్పడం చేతకావడం లేదు, జన్యువు చచ్చిపోయిందని, పెద్దవి ఏరావని, అది నా బాధ కాదని. గొంతులోంచి పట్టి లాగి ఒక్కటే అంది. "ఆగు."

అవతల మోటారు తిరిగింది. తర్వాత బుజ్జి గొంతు, ఫోనుకు దూరంగా, కాస్త పెద్దగా: "సర్, ఒక్క నిమిషం. మొదలుపెట్టొద్దు, ఒక్క నిమిషమండీ." అడుగుల చప్పుడు, తలుపు పడ్డ చప్పుడు, మోటారు వెనక్కి వెళ్ళిపోయింది. ఎందుకు అని అడగలేదు. ఎందుకని అడక్కుండానే ఆపేసింది. వదినకు కుర్చీలోనే ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏంటా గొంతు? ఏమైంది? అన్నయ్య బాగానే ఉన్నాడా?"

"అన్ను" అంది వదిన, దవడ నొక్కుకుంటూ. తర్వాత అడగాల్సింది అడిగింది, "ఓశావా?"

"లేదు. మూత తీశానంతే. సీసా చేతిలోనే ఉంది."

"ఎద్ద చుక్కలు..." అని మొదలుపెట్టింది, నోటి చివర కారుతుంటే సిస్టర్ దూది అందించింది. బుజ్జి ఆమెను పూర్తి చేయనివ్వలేదు. "పెద్దవి ఏరాను. అదేగా?" అంది, చాలా చిన్నగా. "పొద్దున్న సీసా తీసి చూస్తే మరీ తెల్లగా ఉంది. జన్యువు పనిచేస్తుంటే మనది కొంచెం పసుపు తిరగాలి కదా, అసలు పసుపే లేదు. నా కళ్ళే అలా ఉన్నాయేమో అనుకున్నా. ఇంకో దీపం కింద పెట్టి చూశా. వీళ్ళు భోజనాలు చేస్తున్నంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నా, మూత కూడా తీసేశా. అందరూ చూస్తుంటే తియ్యకేం చెయ్యను." ముక్కు ఎగబీల్చింది. "చిన్నవి ఇంకా ప్లేటు మీదే ఉన్నాయిలే, పారెయ్యలేదు. వెళ్ళి చెప్పేస్తా, ఇవాళ పొయ్యను, తప్పు చుక్కలు ఏరానని. ఉంచుతారో పొమ్మంటారో వాళ్ళిష్టం. నేనే చెప్తా, నువ్వేం మాట్లాడకు."

మాట్లాడటానికి నోరేదీ. అయినా ఒకటి అడక్కుండా ఉండలేకపోయింది వదిన, సగం నాలుకతో, ఒక్కో ముక్కా కూడదీసుకుని, ఇంత అనుమానం పొద్దుట్నుంచీ కడుపులో పెట్టుకుని నాకొక్క ఫోన్ చెయ్యొద్దుటే అని. ఎలా అర్థమైందో గానీ బుజ్జికి అర్థమైంది.

"రెండుసార్లు చేతిలోకి తీసుకున్నా" అంది. "మనం మాట్లాడుకోవట్లేదు కదా వదినా."